సంగు మానిన దాసయ్య

నిమోనియా తగ్గి ఇంటికి వచ్చేస్తుంటే ఆసుపత్రివాళ్ళు నా చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. లోపల మూడు రంగుల బంతులు, పక్కన ఒక గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుంటే బంతులు పైకి లేవాలట. ఉన్న బలమంతా కూడదీసుకుని ఊదాను. బంతులు ఉలకలేదు, పలకలేదు. నర్సు పిల్ల నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది.

"ఊదకూడదు పాట్టీ, లోపలికి లాగాలి" అంది. పాట్టి అంటే తమిళంలో అవ్వ.

"మా ఇంట్లో ఊపిరి జబ్బుకు ఊదడమే వైద్యం" అన్నాను.

ఏ డాక్టరు చెప్పాడని అడిగింది. డాక్టరు కాదు, దాసయ్య అన్నాను. దాసయ్య అంటే ఎవరో ఆ పిల్లకు తెలియదు. తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎందరు మిగిలారు గనక! ఇంటికి వచ్చాక ఆ డబ్బా ముందు కూర్చున్నప్పుడల్లా ఆయనే గుర్తుకొస్తున్నాడు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయనకూ తల్లిదండ్రులు ఏదో పేరు పెట్టే ఉంటారు. నేను కోడలిగా ఆ ఊరికి వెళ్ళింది మొదలు దాసయ్య అన్న పిలుపు తప్ప ఇంకోటి వినలేదు. కోయంబత్తూరుకు తూర్పున, మిల్లు పొగగొట్టం కనబడేంత దగ్గర్లో ఉండేది మా ఊరు. మా నాయుళ్ళ ఇళ్ళలో పెళ్ళికి అయ్యరు, చావుకు దాసయ్య. ఎవరైనా కన్నుమూస్తే ఆయన నామం దిద్దుకుని, భుజాన జోలె, ఒక చేతిలో సేగండి అనే కంచు గంట, ఇంకో చేతిలో శంఖం పట్టుకుని వచ్చేవాడు. శంఖాన్ని మేము సంగు అంటాం. వాకిట్లో నిలబడి ఆయన సంగు ఊదాడంటే ఆ జీవుడికి పెరుమాళ్ళు తలుపు తీశాడని లెక్క.

మిగిలినవాళ్ళకు మాత్రం ఆ సంగు అంటే ఆకలి. అది వినబడిన వీధిలో శవం లేచేదాకా పొయ్యి వెలగకూడదు. వెలుగుతున్న పొయ్యి ఆర్పేయాలి. అన్నం సగం ఉడికినా అంతే, దోసె పెనం మీద ఉన్నా అంతే. మా అత్త ఒకసారి నూనెలో వేసిన వడలను అటూ ఇటూ కాకుండా తీసి పారేసిందట. పోయినావిడ మీదకంటే ఆ వడల మీదే తనకు ఎక్కువ దుఃఖం వచ్చిందని తనే చెప్పేది.

మిల్లు కూతను కూడా మా వైపు సంగు అనే అంటారు. దాసయ్యకు దానిమీద తీరని కోపం.

"పొద్దున ఊదుతాది, మధ్యాన్నం ఊదుతాది, సాయంత్రం ఊదుతాది. ఒక్కడన్నా పోతాడా? సుమ్మా ఊదేదానికి సంగేల?" అనేవాడు. సుమ్మా అంటే ఊరికే. ఆయన ఒక్కగానొక్క కొడుకు ఆ కూతకే లేచి, సైకిలెక్కి, ఆ మిల్లులోనే నూలు వడికే యంత్రాల దగ్గర పని చేసేవాడు. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే దాసయ్యకు అప్పటికప్పుడు చెవుడు వచ్చేది.

నేను చూసేనాటికే ఆయన పని మానేశాడు. కారణం వయసు కాదు, చెరుకు. గట్టి గడ ఒకటి కొరకబోయి ముందు పళ్ళు రెండూ దానికే సమర్పించుకున్నాడు. ఆ తరవాత కొన్నాళ్ళకు పెద్దింటి ముసలావిడ పోయింది. ఊరంతా చేరింది. దాసయ్య సంగెత్తి బుగ్గలు పూరించి ఊదాడు. 'బుస్' మంది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ బుస్సే. పాడె మోస్తున్నవాళ్ళలో ఒకడికి నవ్వొచ్చి పాడె ఊగింది. నవ్వినవాణ్ణి చూసి ఏడుస్తున్నవాళ్ళకూ నవ్వొచ్చింది. దాసయ్య సంగును జోలెలో వేసుకుని శవానికి చేతులు జోడించాడట.

"తాయీ, మన్నించు. నా వేల ఇంతవరకే" అన్నాడట. వేల అంటే మా వైపు పని.

అంతే, ఆ రోజునుంచి మళ్ళీ ఊదలేదు. చావులకు సూలూరు నుంచి ఇంకో దాసరి సైకిలు మీద రావడం మొదలైంది. ఆ సూలూరు దాసరి ఈయనకు వియ్యంకుడే. వియ్యంకుడు ఊదుతుంటే దాసయ్య దూరంగా నిలబడి పులిసిన మజ్జిగ తాగినట్టు ముఖం పెట్టేవాడు. "జలుబు చేసిన ఎద్దు మాదిరి ఉండాది. వీడు ఊదితే తలుపు తీసేదేమి, ఉన్న తలుపు మూసేస్తారు" అని గొణిగేవాడు.

మనిషి పొడుగు, బక్కపలచన. మార్గళి నెల, అదే ధనుర్మాసం, వచ్చిందంటే మిల్లు దుప్పటి ఒకటి, దానిమీద తువ్వాలు, చెవులకు మఫ్లరు, చంకలో వానకూ ఎండకూ విప్పని గొడుగు. ఎదురైనవాళ్ళను అందరిలాగా బాగున్నారా అని అడగడు. "ఉండారా?" అంటాడు. ఆయన నోట ఆ మాట వినగానే కొందరు గుండె తడుముకునేవాళ్ళు. లావుపాటివాళ్ళు కనబడితే ఆయన కళ్ళు వాళ్ళను కిందినుంచి పైదాకా ఒకసారి కొలిచేవి. "ఈయనకు నలుగురు చాలరు" అని తనలో తను అనుకున్నాననుకునేవాడు. వినవలసినవాళ్ళకు వినబడేది.

ఇంకో వింత ఏమిటంటే, ఊరందరికీ ముగింపు చూపించిన మనిషికి ఏదీ ముగించడం చేతకాదు. కాఫీ ఇస్తే చివరి గుక్క గ్లాసులో వదిలేస్తాడు. అన్నంలో చివరి ముద్ద ఆకులోనే. పాట అందుకుంటే చివరి చరణానికి ముందే దగ్గు వస్తుంది. ఎందుకు దాసయ్యా అని నేను అడిగాను. "చివరివి శానా చూసినాను అమ్మిణీ, పోదుం" అన్నాడు. మా వైపు చిన్నదాన్ని అమ్మిణి అంటారు. చాలు అనడానికి పోదుం అన్న తమిళ మాటే వాడతాం. ఆ పోదుం ఆయన నోట వింటే నాకు ఎందుకో నవ్వొచ్చేది.

ఆయన వీధిలోకి రావడమే అందరికీ పెద్ద ఇబ్బంది. నడిచినంతసేపూ పరవాలేదు. ఆయనకు చెట్టు కనబడితే ఆగే జబ్బు. ఏదో ఒక పిట్ట కనబడుతుంది, తల పైకెత్తి నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. ఎవరి ఇంటి ముందు నిలబడ్డాడో ఆ ఇంట్లో గుండెలు జారిపోయేవి. దాసయ్య వాకిట్లో ఆగితే ఆ ఇంటికి ఏదో మూడిందనే కదా! "దాసయ్యా, నిలబడొద్దండి, నడుస్తా ఉండండి" అని ఆడవాళ్ళు కిటికీల్లోంచి అరిచేవాళ్ళు. ఆయన సరే సరే అని ఇంకో ఇంటిముందు ఆగేవాడు.

పిట్టల పిచ్చి ఎట్లా పట్టిందని తరవాతెప్పుడో అడిగాను. "తిన్నెమీద కూర్చోమని నన్ను ఎవురు పిలుస్తారు అమ్మిణీ? బతికినవాళ్ళ ఇంట్లో నాకేమి వేల? చెట్టుకింద నిలబెట్టేస్తారు. చెట్టుకింద నిలబడితే పిట్టలు గదా కనబడేది" అన్నాడు. ఏ కోపమూ లేకుండా, వానలో తడుస్తామని చెప్పినట్టు చెప్పాడు.

నా పెళ్ళయిన రెండో చలికాలంలో మామకు నిమోనియా వచ్చింది. మామ అంటే ఊళ్ళో అందరికీ హడలు. పత్తి చేలూ, బావులూ, గట్టి గొంతూ ఉన్న మనిషి. ఆ గొంతు పోయి మంచానికి అతుక్కుపోయారు. అత్త మొక్కని దేవుడు లేడు. సరిగ్గా అప్పుడే మా వాకిట్లో మునగచెట్టు పూసింది. దాసయ్య మా ఇంటిముందు ఆగాడు.

అత్త చీపురు పట్టుకుని బయటికి ఉరికింది.

"ఇంకా ఎవురూ పోలేదు! ఇంత ఆత్రమేల? పోండి, పోండి!"

"లేదు తాయీ, నేను సుమ్మా..."

"మీరు సుమ్మా నిలబడితేనే సాలు, కొంపలు అంటుకుంటాయి!"

లోపలినుంచి మామ మూలిగారు. "ఎవురది?"

"ఎవురూ లేదు" అంది అత్త.

"దాసయ్య, మామా" అన్నాను నేను, నోరూరుకోక. అత్త నావైపు చూసిన చూపుకు మునగపూలు రాలాయి.

"లోపలికి రమ్మను. నాకు సావు ఎంత దూరంలో ఉండాదో వాణ్ణే అడుగుతా" అన్నారు మామ.

దాసయ్య గొడుగు గడపకు ఆనించి లోపలికి వచ్చాడు. అలవాటు కొద్దీ మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. అత్త "తలవైపు రండి!" అని కేక పెడితే ఇటు వచ్చాడు.

"నాకోసం వచ్చినావా?" అన్నారు మామ.

"లేదు సామీ. తేనెపిట్ట కోసం. మీ మునగపూలకు వచ్చిండాది."

మామకు కోపం వచ్చింది. "ఓహో, నేను ఇంత జబ్బుగా పడుంటే నీకు పిట్ట ముఖ్యమా? అంటే నేను పోతే రావా?"

"మీరు ఇప్పుడప్పుడే పోరు సామీ. నేను ఎంతమందిని చూడలేదు? పోయేవాళ్ళకు ఇంత కోపం రాదు."

టౌను డాక్టరు సూదులకు రాని రంగు ఆ మాటతో మామ ముఖంలోకి వచ్చింది. లేచి కూర్చుని కాఫీ అడిగారు. దాసయ్యకూ ఇమ్మన్నారు. ఆయన చివరి గుక్క వదిలేసి వెళ్ళాడు.

జ్వరం దిగాక డాక్టరు వచ్చి, ఊపిరితిత్తుల్లో ఇంకా కఫం ఉంది, పొద్దున్నే నడవాలి, బుడగలు ఊదుతుండాలి అన్నాడు. పొలం గట్టున నిలబడి కేక వేస్తే ఎద్దులు ఆగే మనిషి బుడగలు ఊదడమా! మామ ఒప్పుకోలేదు. ఆ మాట విని దాసయ్య జోలెలోంచి సంగు తీశాడు.

"ఇది ఊదండి సామీ. నా ఊపిరి దీనివల్లనే ఇన్నేండ్లు నిలిచింది. పళ్ళు లేక మానితిని గాని..."

అత్త చెవులు మూసుకుంది. చావు సంగు ఇంట్లో మోగితే తను బావిలో దూకుతానంది. చివరికి చేసుకున్న రాజీ ఏమిటంటే, చెరువు గట్టు ఊరికి దూరం కాబట్టి అక్కడ ఏమన్నా ఊదుకోవచ్చు. తోడుగా నేను వెళ్ళాలి. మామ దగ్గితే ఇవ్వడానికి ఫ్లాస్కులో కాఫీ, చలేస్తే కప్పడానికి ఇంకో శాలువ, దాసయ్య ఏమన్నా అపశకునం పలికితే ఇంటికొచ్చి చెప్పడానికి నా చెవులు.

ఆ పొద్దులు నేను మరిచిపోలేదు. పల్చటి మంచులో తాటిచెట్లు, నీళ్ళమీద పొగ, దూరంగా మిల్లు గొట్టం పొగ. ముందు దాసయ్య, వెనక మామ, వాళ్ళ వెనక ఫ్లాస్కుతో నేను. అత్తింట్లో పొయ్యి ముందు కూర్చునే పనినుంచి అది నాకు దొరికిన సెలవు.

దాసయ్యకు చెరువులో ప్రతి పిట్టా తెలుసు. అందరూ ఆయన సాగనంపినవాళ్ళే.

"అదో, రెక్కలు ఆరేసుకుంటా నిలబడింది చూడు, నీటికాకి. మీ ఎదురింటి పెద్దాయన. బతికి ఉన్నప్పుడూ అంతే, పంచె తడిపేది, అందరూ చూసేటట్ల ఆరేసేది. ఆ బొల్లికోడి, పోస్టుమాను పెండ్లాం. ఒక్కచోట నిలబడదు, ఇంటింటికీ పోయి మాట్లాడాల."

"నిజంగానే వాళ్ళే అంటారా?" అన్నాను.

"ఏమో అమ్మిణీ. పంపించినవాణ్ణి నేను గదా, యాడికి పంపినానో తెలియకుంటే ఎట్ల?"

మామ ఇదంతా వెర్రి అని కొట్టిపారేశారు. రెండు రోజులు పోయాక, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ, "మా అయ్య ఏడ ఉండాడు?" అని అడిగారు. దాసయ్య వేలెత్తి చూపించాడు. ఒంటికాలిమీద, మెడ లోపలికి లాక్కుని, లోకమంతా తనకు బాకీ ఉన్నట్టు నిలబడి ఉంది ఒక నారాయణపక్షి. నిజం చెప్పొద్దూ, ఇంట్లో పటంలో ఉన్న తాతగారి వాలకం అదే. మామ గట్టు దిగి నీళ్ళ అంచుదాకా వెళ్ళారు.

"తూర్పు చేలో బావి తవ్వొద్దంటినే, విన్నావా? రాయి పడింది. చెప్పితినా లేదా?" అన్నారు.

నారాయణపక్షి ఒకసారి చూసి, విసుగ్గా రెక్కలు విప్పి అవతలి గట్టుకు ఎగిరిపోయింది.

"బతికి ఉన్నప్పుడూ ఇంతే! ఒక మాట చెప్పేదానికి లేదు, లేచి పోతాడు" అన్నారు మామ. ఆ తర్వాత రోజూ వెళ్ళి ఏదో ఒకటి చెప్పుకునేవారు. కొన్నాళ్ళకు గొంతు తగ్గింది. ఒకరోజు బావి సంగతి ఎత్తకుండా, ఈ ఏడు పత్తి బాగా కాసింది అని మాత్రం చెప్పి వచ్చారు.

సంగు పాఠం మాత్రం అంత సుళువుగా సాగలేదు. మామ ఊదితే దూడ అరిచినట్టు, తలుపు కిర్రుమన్నట్టు, ఒక్కోసారి చెప్పుకోలేనట్టు వచ్చేది. "బుగ్గలతో కాదు సామీ, బొడ్డునుంచి రావాల. పెదవి బిగించాల, మనసు వదలాల" అనేవాడు దాసయ్య. మామ ఎర్రబడి, దగ్గి, ఉమ్మి, తిట్టి, మళ్ళీ ఊదేవారు. కఫం మాత్రం తెగ వచ్చేది. ఇంటికి వెళ్ళి రెండు దోసెలు ఎక్కువ తినేవారు.

ఒక పొద్దున దాసయ్య గట్టుమీద కూర్చుని, గొడుగు మొనతో మట్టి గీస్తూ అన్నాడు.

"సామీ, ఒక మాట. నేను పోతే మీరు ఊదాల."

మామకు అర్థం కాలేదు. "ఏమి ఊదాల?"

"సంగు. కొడుకు చేతిలో కుండ ఉంటాది, వాడు ఊదేదానికి లేదు. మిగిలింది సూలూరువాడు. వాడు నాకు ఊదితే నేను లేచి కూర్చుంటా. ఊరందరినీ మంచిగా పంపితిని. నన్ను ఆ ఎద్దు కూతతో పంపితే పెరుమాళ్ళు ముఖం ఎట్ల చూసేది? తెగకుండా, నిండుగా ఒక్కటి సాలు."

"నేనా? నీకా? సంగా?" మామ లేచి నిలబడ్డారు. దాసయ్య చావుకు నాయుడు సంగు పట్టడం ఆ చుట్టుపక్కల ఎవరూ కనీ వినీ ఎరుగరు. "ఊరు నవ్వుతాది!"

"నవ్వనీ సామీ. నాకు వినబడదు గదా."

మామ సంగును ఆయన ఒళ్ళో పెట్టేసి చరచరా ఇంటికి వచ్చేశారు. నాలుగైదు రోజులు చెరువు మాటే ఎత్తలేదు. దగ్గు మళ్ళీ మొదలైంది. వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను తిట్టేవారు. చివరికి ఒక పొద్దున తనే మఫ్లరు చుట్టుకుని నన్ను పిలిచారు. "ఊపిరికోసం పోతా ఉండా. వానికోసం కాదు" అని దారిపొడవునా నాతో చెప్పారు, నేను అడక్కపోయినా. గట్టుమీద దాసయ్య ఏమీ జరగనట్టే సంగు అందించాడు. మామ తీసుకున్నారు. ఊదుతానని మాటివ్వలేదు. "చూస్తాం" అన్నారు. దాసయ్యకు ఆ మాటే చాలు కాబోలు, ఆ రోజు కాఫీ చివరి గుక్కదాకా వచ్చి ఆగాడు, తాగేస్తాడేమో అనుకున్నాను.

ఇక ఆ మహత్తరమైన రోజు సంగతి. తూర్పుగాలి బాగా తిరిగింది. మామ ఎప్పటిలాగే సంగెత్తి ఊదారు. ఎక్కడినుంచి వచ్చిందో, ఒక్కసారిగా నిండుగా, గంభీరంగా, తెగకుండా వచ్చింది నాదం. చెరువులో ఉన్న కీర్తిశేషులంతా ఒక్కసారి గాల్లోకి లేచారు. దాసయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అదే! అదే సామీ!" అన్నాడు. మామకు పిల్లాడిలాగా ఉత్సాహం వచ్చింది. మళ్ళీ ఊదారు. ఇంకా ఇంకా ఊదారు. నేను కూడా చప్పట్లు కొట్టాను, సిగ్గులేకుండా.

గాలి ఊరివైపు వీస్తోందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

ఊళ్ళో అది పగటి షిఫ్టుకు వెళ్ళే మగవాళ్ళకు వంటలు జరుగుతున్న వేళ. సంగు వినబడింది. వీధి వీధంతా పొయ్యిలమీద నీళ్ళు కుమ్మరించారు. ఉప్మా సగంలో దిగింది, అన్నం నీళ్ళతోనే దిగింది. మగవాళ్ళు అన్నం తీసుకెళ్ళే పిడి గిన్నెలు, మేము తూక్కులంటాం, ఖాళీగా వేలాడేసుకుని పనికి వెళ్ళారు. ఆడవాళ్ళంతా పోయింది ఎవరని ఇల్లిల్లూ వెతకడం మొదలుపెట్టారు. ముసలివాళ్ళ మంచాలన్నీ తనిఖీ అయ్యాయి. అందరూ బతికే ఉన్నారు. కొందరు అలా చూడవచ్చినందుకు తిట్టారు కూడా. ఒక్క మంచమే ఖాళీగా ఉంది. మాది.

అంతే, జబ్బుమనిషి, చలిలో బయటికి పోయాడు, చెరువు గట్టున పోయాడు, పక్కనే దాసయ్య ఉన్నాడు కాబట్టి అక్కడే సంగు ఊదేశాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? దాసయ్యకు పళ్ళు లేవన్న సంగతి ఆ దుఃఖంలో ఎవరికీ గుర్తుకు రాలేదు.

మేము వీధి మలుపు తిరిగేసరికి మా ఇంటిముందు జనం. అరుగుమీద అత్త జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటోంది. సూలూరు దాసరిని తేవడానికి మనిషి వెళ్ళడం, ఆయన సైకిలు మీద రావడం కూడా అయిపోయింది. మామ చేతిలో సంగుతో, ముఖంలో వెలుగుతో జనం మధ్యకు నడిచి, "ఎవురు పోయింది?" అని అడిగారు.

ఏడుపు టక్కున ఆగింది. సూలూరు దాసరి మామనూ, మామ చేతిలో సంగునూ చూసి, "నాకు పోటీ ఎప్పట్నుంచి సామీ?" అన్నాడు.

అత్త లేచింది. మామ చెయ్యి పట్టుకుంది, భుజం తడిమింది, ముఖం తడిమింది. ఆమె ముఖంలో ఆ క్షణం కనబడ్డ సంతోషం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. తరవాత వీధివాళ్ళు నోళ్ళు విప్పారు. "నా ఇడ్లీపిండి మట్టిపాలు!" "మా ఆయన ఉత్త తూక్కు ఊపుకుంటా పోయినాడు!" "సావు సంగు ఆటబొమ్మా?" అత్త సంతోషం కాస్తా శివతాండవమైంది. మామ చెయ్యి లాగి తన నెత్తిమీద పెట్టుకుంది.

"నా తలమీద ఒట్టు వేయండి! బతికినన్నాళ్ళు ఆ సంగు నోట పెట్టనని వేయండి!"

ఊరంతా చూస్తోంది. మామ దాసయ్యవైపు చూశారు. దాసయ్య మా మునగచెట్టువైపు చూస్తున్నాడు.

"ఒట్టు" అన్నారు మామ.

ఆ తరవాతా ఇద్దరూ నడకకు వెళ్ళేవారు. సంగు జోలెలోనే ఉండేది. దాసయ్య ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి మామే గొంతు సవరించుకుని ఏదో చెప్పబోతే, "విడవండి సామీ. ఆడమనిషి తల. ఒట్టంటే ఒట్టే" అన్నాడు. మామ ఊపిరి మాత్రం బాగుపడింది. ఊపిరి చెడింది దాసయ్యకు.

మార్గళి చివర్లో ఆయన దగ్గుతో మంచం పట్టాడు. వాళ్ళ వీధికి వెళ్ళి గంజి ఇచ్చి రమ్మని అత్తే నన్ను పంపింది. ఆయనమీద కోపం ఉందని రోజూ చెబుతూ రోజూ పంపేది. నేను వెళితే, కిటికీలోంచి కనబడే వేపకొమ్మను చూస్తూ పడుకుని ఉన్నాడు.

"ఉండారా?" అన్నాను, ఆయన మాటే ఆయనకు.

"ఉండా, ఉండా" అని నవ్వాడు. "అమ్మిణీ, సూలూరువాడు వస్తాడు గదా. కొంచెం సీక్రం ఎత్తేయమని చెప్పు. వాడు శానాసేపు ఊదకుండా."

నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. అత్త కూరగాయలు తరుగుతూ, తరిగినవే మళ్ళీ తరిగింది.

రెండు రోజులకు, పొద్దున్నే, దాసయ్య కొడుకు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. మిల్లు చొక్కా మీదే ఉన్నాడు. "అయ్య పోయినాడు సామీ" అన్నాడు. మామ తువ్వాలు భుజాన వేసుకున్నారు. గడప దాటలేదు. అక్కడే నిలబడ్డారు. అంత మనిషి ఏం చెయ్యాలో తెలియక గడపలో నిలబడి ఉండడం నేను చూడలేకపోయాను.

అత్త వంటింట్లోంచి వచ్చింది.

"ఏల నిలబడిండారు?"

"ఏమి చేసేది? ఒట్టు వేసి ఉండా."

"ఎవురి తలమీద వేస్తిరి?"

మామ అత్త తలవైపు చూశారు.

"నా తల గదా. నా తల సంగతి నేను చూసుకుంటా. మీరు పోయి ఊదండి" అంది అత్త.

నేనూ వెంట వెళ్ళాను. దాసర్ల వీధిలో మామను చూసి జనం పక్కకు తొలిగారు. సూలూరు దాసరి అప్పటికే సంగు పెదవుల దాకా తెచ్చాడు. మామ చొక్కా విప్పి, తువ్వాలు నడుముకు కట్టుకుని, దాసయ్య జోలె అడిగారు. సూలూరాయన చూశాడు, తన సంగు దించాడు, సేగండి అందుకున్నాడు. ఆ మనిషిమీద నాకు ఆ రోజునుంచి గౌరవం.

మామ ఊదారు. 'బుస్' మంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఊరు నవ్వింది, దాసయ్య చెప్పినట్టే. మామ కళ్ళు తుడుచుకుని, పెదవి బిగించి, మళ్ళీ ఊదారు. ఈసారి వచ్చింది. నిండుగా, తెగకుండా, వీధి దాటి, మిల్లు దాటి వెళ్ళింది. కొడుకు కుండ పట్టుకున్న చేతులతోనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఒకరి ఊపిరి అంతసేపు ఒక మనిషికోసం ఆగకుండా రావడం నేను అదే మొదటిసారి వినడం.

ఇంటికి వచ్చాక మామ పెరట్లో రాతిమీద కూర్చున్నారు. చావుకు వెళ్ళొచ్చినవాళ్ళకు కోడళ్ళు నీళ్ళు తోడడం మా ఇంట్లో వాడుక. ఆ రోజు అత్త నా చేతిలో చెంబు లాక్కుని తనే పోసింది.

"ఎట్ల వచ్చె?" అంది అత్త.

"మొదటిది పోయె. రెండోది వచ్చె."

అత్త ఇంకో చెంబు పోసింది.

"నాకు మొదటిదే రావాల" అంది. "రేపట్నుంచి గట్టుకు పోండి."